అడవంటే ఎవరికి భయం?
తెలుగు కథల్లో అంచు ఊరు - ఒక దళిత పరిశీలన

తెలుగు జానపద కథల్లో ఒక ఊరు మళ్లీ మళ్లీ వస్తుంది. దాని పేరు మారుతుంది, రాజు మారతాడు, కాలం మారుతుంది. జాగా మాత్రం మారదు. రాజ్యం చివర, కోటగోడ దాటగానే మహారణ్యం. పొద్దుగూకితే జనం తలుపులు బిడాయించుకుంటారు. అడవిలోంచి వచ్చేది ఏదైనా ఊరికి కీడే. వస్తే మాంత్రికుడు వస్తాడు, లేకపోతే రాకాసి, అదీ కాకపోతే నరబలి అడిగే కొండజాతి మూక. ఊరు ఎప్పుడూ అమాయకమే. దోషమంతా చెట్ల అవతలే ఉంటుంది.

ఇది ఉత్త కల్పన, పిల్లల కథ, దీన్నిపట్టుకుని విమర్శ ఏమిటి అనే పెద్దలుంటారు. కల్పిత ఊరికి కల్పిత అడవి ఉండొచ్చు. కానీ ఆ కథ చదివినవాడు అసలు ఊళ్లో బతుకుతాడు, అసలు అడవి పక్కనుంచి బస్సులో పోతాడు, అసలు సవర మనిషిని సంతలో చూస్తాడు. అప్పుడు అతని కళ్లకి అడ్డంపడేది ఆ కథే. కాబట్టి రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఈ భయం ఎవరిది? ఊరికీ అడవికీ మధ్య తరతరాలుగా నడిచిన మనుషులు ఈ కథల్లోంచి ఎక్కడికి పోయారు? మొదటి ప్రశ్న అభ్యుదయ, విప్లవ విమర్శ కొంతవరకు వేసింది. రెండోది దళిత విమర్శే వెయ్యాలి. ఎందుకంటే ఆ మధ్యలో నడిచినోళ్లు చాలామంది మనోళ్లు.

రాకాసిలోయ నుంచి రుద్రవనం దాకా

'చందమామ' 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. అందులో 1954లో 'తోకచుక్క'తో ఆరంభించి రెండు దశాబ్దాలకు పైగా దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్లు రాశారు. రాసినాయన పేరు పత్రికలో వేసేవాళ్లు కాదు. చిత్ర, శంకర్ బొమ్మలు మాత్రం కళ్లకి కట్టేవి. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు - పేర్లు వింటేనే సంగతి తెలిసిపోతుంది. భయం ఒక స్థలం. ఆ స్థలం ఊరికి బయట. రాజకుమారులో, క్షత్రియ యువకులో, సాహసం చెయ్యదలచిన వీరులో అక్కడికి వెళ్లి, గండాలు దాటి, నిధినో నిజాన్నో పట్టుకుని తిరిగొస్తారు.

ఈ సీరియళ్లు గొప్పగా చదివించాయి. ఇంట్లో పుస్తకమనేది లేని మా బోటి మొదటితరం చదువరులకి హాస్టలు లైబ్రరీలో చేతికందిన మొదటి తెలుగు వచనం ఇదే. ఆ రుణం కాదనలేం. పెద్దింటి పిల్లాడికి చదవడం నేర్పిన పత్రికే మాలపేట పిల్లాడికీ నేర్పింది. కానీ ఆ పిల్లాడు కథలో ఏ పక్కన నిలబడి చదవాలి? కోటలో ఉన్న జనంలో అతని పేట లేదు. కోట బయట పేట అనేదే బొమ్మలో లేదు. మిగిలింది అడవి. అక్కడ ఈకలు కట్టుకుని, బల్లేలు పట్టుకుని, 'దొరా' అంటూ వంగేవాడో, వీరుడి మీదకి దూకేవాడో ఉన్నాడు. అందుకని పిల్లాడు తన రంగూ రూపూ పక్కనబెట్టి రాజకుమారుడి గుర్రమెక్కుతాడు. మనందరం అలాగే ఎక్కాం. చదువు మనకి నేర్పిన మొదటి వేషం అది.

చందమామ ఆగిపోయింది గాని ఆ ఊరు ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 'విరూపాక్ష' సినిమా (దర్శకుడు కార్తీక్ వర్మ దండు) దాన్ని మన కాలానికి దగ్గరగా తెచ్చింది. ఊరి పేరే రుద్రవనం. 1979లో ఆ ఊళ్లో పిల్లలు చచ్చిపోతుంటారు. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంట మీద అనుమానం. ఊరు ఏకమై వాళ్లని సజీవంగా తగలబెడుతుంది. పన్నెండేళ్లకి ఊరు వల్లకాడవుతుందని వాళ్లు పోతూపోతూ శాపం పెడతారు. 1991లో చావులు మొదలవుతాయి. పూజారి మాట మీద ఊరిని దిగ్బంధం చేస్తారు. లోపలోడు బయటికి పోకూడదు, బయటోడు లోపలికి రాకూడదు.

ఈ సినిమా ఆ దహనాన్ని మెచ్చుకోలేదు. అది క్రూరమనే చూపించింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ సినిమా లోకంలో మంత్రం పనిచేస్తుంది. చావులు మంత్రంతోనే జరుగుతాయి. మంత్రం నిజంగా పనిచేసే లోకంలో, ఫలానావాడు మంత్రం పెట్టాడని వేలు చూపించినవాడు అబద్ధాలకోరు కాలేడు. మహా అయితే తొందరపడ్డవాడు అవుతాడు. శిక్ష ఎక్కువైందా అన్నది తగువు అవుతుంది గాని నేరారోపణే బూటకం అన్న మాట లేవదు. ఊరు పాపం చేసింది, ఊరి నమ్మకం మాత్రం నిజమే - ఇదీ సినిమా తేల్చిన లెక్క.

మన ఉత్తరాంధ్రలో ఈ ఆరోపణకి 'చిల్లంగి' అని పేరుంది. తెలంగాణలో బాణామతి అంటారు. బిడ్డకి జ్వరం తగ్గకపోతే, ఆవు పాలివ్వకపోతే, కడుపునొప్పికి మందు దొరక్కపోతే చిల్లంగి పెట్టారంటారు. ఎవరు పెట్టారంటారో చూడండి. కరణం పెట్టాడని గాని, వడ్డీవ్యాపారి పెట్టాడని గాని ఎవరూ అనరు. అనుమానం వెతుక్కుంటూ పోయేది ఒంటరి ముసలిదాని ఇంటికి, నాటువైద్యం చేసేవాడి ఇంటికి, చుట్టూ బలగం లేనివాడి ఇంటికి. కొట్టడం, పళ్లు రాలగొట్టడం, చంపడం దాకా ఇది పోతుంది. జార్ఖండ్ 2001లో, పక్కనున్న ఒడిశా 2013లో దీనికోసమే ప్రత్యేక చట్టాలు చేసుకోవలసి వచ్చింది. తెరమీద గగుర్పాటు కలిగించేది ఇక్కడ ఒకరి ప్రాణం.

అసలైన అంచు పట్నాలు

కథలోని అంచు ఊరికి అసలు రూపాలు మన కళ్లముందే ఉన్నాయి. పార్వతీపురం, సాలూరు, పాలకొండ, నర్సీపట్నం, 1936లో ఒరిస్సాలో కలిసిన పర్లాకిమిడి - ఇవన్నీ మన్యం అంచున పెరిగినవే. వెనక కొండ, ముందు మైదానం, మధ్యలో సంత. చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు, పసుపు కిందికి దిగుతాయి. ఉప్పు, గుడ్డ, ఎండుచేప, అప్పు పైకెక్కుతాయి.

ఈ పట్నాలకి భయం ఉండేది, అది దొంగభయమేమీ కాదు. దాని పేరు మన్యం జ్వరం. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, కొండల్లో తిరిగి, మలేరియా పాలై, క్వినైన్ ఎక్కువగా వాడి చెవుడు తెచ్చుకున్నారని వారి జీవితం రాసినవాళ్లు చెప్తారు. అంత పట్టుదల మనిషికే ఆ గతి పట్టింది. మైదానపు ఉద్యోగికి మన్యం బదిలీ అంటే శిక్షే. కానీ ఉద్యోగి బదిలీ చేయించుకుని దిగిపోవచ్చు. అతని పెట్టె మోసినవాడు, డోలీ మోసినవాడు, ముందు నడిచి దారి చూపించినవాడు ఎక్కడికి దిగిపోతాడు? జ్వరం అందరికీ వచ్చింది, జ్వరం గురించి రాసుకునే అవకాశం కొందరికే వచ్చింది. అడవి భయంకరం అన్న మాట మన సాహిత్యంలోకి ఆ కొందరి నోటినుంచే చేరింది.

ఇక చట్టాల సంగతి చూద్దాం. కథలు అబద్ధమాడొచ్చు. సర్కారు తన అవసరం కోసం చేసుకున్న చట్టం కొన్నిసార్లు నిజం ఒప్పుకుంటుంది. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల కిందనుంచి తప్పించి, కలెక్టరుని గవర్నరుకి ఏజెంటుగా పెట్టారు. ఏజెన్సీ అనే మాట అక్కడినుంచే వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసింది, పోడు కొట్టినవాడిని నేరస్థుణ్ణి చేసింది. 1917లో ఏజెన్సీ ప్రాంత వడ్డీ, భూబదలాయింపు చట్టం వచ్చింది. దాని తర్వాత 1959 నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి ఒకటో నిబంధన, అంటే మనం 1/70 అనేది. అనంతగిరి గనుల విషయంలో 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా ఆ దారిలోదే.

1917 నుంచి వచ్చిన ఈ చట్టాలు ఎవరినుంచి ఎవరిని కాపాడటానికి పుట్టాయి? కిందినుంచి ఎక్కినవాడినుంచి కొండమీద ఉన్నవాణ్ణి కాపాడటానికి. నూరేళ్లలో ఇన్నిసార్లు కాపాడవలసి వచ్చిందంటే కాపాడటం ఎంతమాత్రం జరిగిందో అర్థమవుతూనే ఉంది. కొండలోడు దిగొచ్చి మైదానపు రైతు పొలం రాయించుకుంటున్నాడు, షావుకారుకి అప్పులిచ్చి వడ్డీలు గుంజుతున్నాడు, కాబట్టి ఊరిని కాపాడాలి అని ఒక్క చట్టం చెయ్యవలసిన అగత్యం రాలేదు. భయం ఏ దిక్కునుంచి ఏ దిక్కుకి పోయిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అడవి ఊరిమీదకి వచ్చిన సందర్భాలు లేవా? ఉన్నాయి. 1879-80లో రంప పితూరీ జరిగింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడులు జరిగాయి. వాళ్లు వెళ్లింది పోలీసుస్టేషన్ మీదకి. తీసుకున్నది తుపాకులు. దాని వెనక ఉన్నది రోడ్డుపనిలో చాలీచాలని కూలి, వెట్టి, పోడు నిషేధం. తర్వాత 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి పోతున్న గిరిజనుల్లో కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకి బలైపోయారు. దారిన పోతున్నది అడవి మనుషులు. తుపాకులు పట్టుకుని ఉన్నది ఊరి పెద్దలు. కథలో రాసినదానికి ఇది పూర్తిగా తిరగబడింది.

కొండోళ్ల గోడమీద ఊరు

ఊరు అడవిని ఎలా ఊహించుకుందో చెప్పడానికి మనకి బోలెడు పుస్తకాలున్నాయి. అడవి ఊరిని ఎలా ఊహించుకుంది? దానికీ సాక్ష్యం ఉంది, కాకపోతే అది కాగితం మీద లేదు, మట్టిగోడ మీద ఉంది.

వెరియర్ ఎల్విన్ ఒరిస్సా వైపు గంజాం, కోరాపుట్ కొండల్లో సవరల గురించి రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. సవరలు చనిపోయినవాళ్ల కోసం, దేవతల కోసం ఇంటి గోడ మీద బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మల్లో చెట్లూ జంతువులూ ఉంటాయి. వాటితోపాటు ఏనుగులు, గుర్రాలు ఎక్కిన దొరలు, బంట్రోతులు, సైకిళ్లు, రైలు, విమానం కూడా ఉంటాయి. సవర పూజారమ్మకి పాతాళంలో ఒక దేవతా భర్త ఉంటాడు. ఎవరతను? సవరవాడు కాదు. పై కులపు హిందువు, దర్జాగా బతికే దొర. 1970ల నుంచి ఆ ప్రాంతంలో పనిచేసి, 1993లో పుస్తకం వేసిన పియర్స్ విటెబ్స్కీ కూడా ఇలాంటి సంగతే చెప్పాడు. ఆ కింది లోకంలో ఉండేది రాజులు, అధికారులు, రాతకోతలు తెలిసినవాళ్లు.

ఊరోళ్లు తమ పాతాళాన్ని అడవిలో పెట్టుకున్నారు. సవరలు తమ పాతాళంలో ఊరిని పెట్టుకున్నారు. రెండూ ఊహలే, కానీ రెంటికీ తేడా ఉంది. చందమామ రాక్షసుణ్ణి రాసినవాళ్లలో ఎవరూ రాక్షసుణ్ణి చూడలేదు. సవర మనిషి మాత్రం అమీనుని చూశాడు, గార్డుని చూశాడు, నోటు రాయించుకున్న షావుకారుని చూశాడు. పైగా వాళ్ల ఊహలో ఆ దొరదేవత ఉత్త దుష్టుడు కాదు. సాయం కూడా చేస్తాడు. అతనికి మర్యాద చెయ్యాలి, సారా పొయ్యాలి, బతిమాలాలి, బేరమాడాలి. కచేరీకి పోయినవాడు బంట్రోతుతో ఎలా మసులుకుంటాడో అలాగ. శత్రువుని కూడా మాటాడదగిన మనిషిగా ఊహించుకున్నారు వాళ్లు. మన జానపద కథ అడవి మనిషికి ఆపాటి మర్యాద ఇవ్వలేదు. అతన్ని చంపింది, లేకపోతే బంటుగా పెట్టుకుంది.

మధ్యలో నడిచినోడు

ఇప్పుడు రెండో ప్రశ్న. ఊరికీ కొండకీ మధ్య సరుకు నడిచింది, మాట నడిచింది, అప్పు నడిచింది, కబురు నడిచింది. వాటంతట అవి నడవవు కదా. మోసినదెవరు?

పైడి, డొంబు, పానో, రెల్లి, మాల - అంచు పట్నాలన్నిటిలో ఈ పేటలున్నాయి. గుడ్డ నేసి కొండెక్కించినవాళ్లు, కర్మకాండలకి దున్నలు తోలుకెళ్లినవాళ్లు, డప్పూ సన్నాయీ వాయించినవాళ్లు, ఊరి బారికిగా కబుర్లు మోసినవాళ్లు, పండ్లు అమ్మినవాళ్లు, వీధులు ఊడ్చినవాళ్లు. తెలుగూ ఒడియా సవరా కువీ అన్నీ అవసరానికి మాటాడగలిగినవాళ్లు. అంచు పట్నం బతికింది వీళ్ల కాళ్ల మీద.

వీళ్ల గురించి రాతలేవీ లేవా? ఉన్నాయి, ఎలాంటి రాతలో చూడండి. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో డొంబులు నేతగాళ్లు, వర్తకులు, వాద్యగాళ్లు అని చెప్తూనే దొంగతనాల కథలు చెప్తారు. 1911 చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో నేరస్థజాతిగా నమోదైనవాళ్లలో డొంబులూ ఉన్నారు. ఎల్విన్ సవరల్ని ప్రేమించాడు. ఆ ప్రేమతోనే పానోలని సవరలను పీల్చేవాళ్లుగా చూశాడు. సర్కారు కంటికి దొంగ, మంచి మనసున్న మానవశాస్త్రవేత్త కంటికి దోపిడీదారు, కథకుడి కంటికి అసలు ఆనడు.

ఇందులో నిజం లేదని నేననను. కొండల్లో చిల్లర అప్పులిచ్చి, పంట కళ్లంలోనే కొలుచుకుపోయిన పైడి, పానో వర్తకులు ఉన్నారు. మనవాళ్లు కాబట్టి దాన్ని కప్పిపుచ్చితే అది దళిత విమర్శ అవదు, కులాభిమానం అవుతుంది. కానీ అడగవలసిన మాట ఒకటుంది. ఆ చిల్లర వర్తకుడి చేతిలో పెట్టుబడి ఎవరిది? పట్నంలో కొట్టు ఎవరిది, సారా బట్టీ ఎవరిది, చింతపండు గోదాము ఎవరిది, జమీందారీ ఎవరిది? గిరిజనుడి గుమ్మం దాకా కాలినడకన వచ్చినవాడు కనిపించాడు. పట్నంలో గద్దె మీద కూర్చున్నవాడు కనిపించలేదు. కింద ఎవరూ ముట్టుకోని మనిషి పైన దోపిడీకి ముఖమయ్యాడు. బజారులో కొట్టు పెట్టుకోనివ్వరు, పొలం ఉండదు, కాబట్టి కావడి భుజానికెత్తుకుని కొండెక్కాడు. కులం ఇక్కడ ఇలా పనిచేసింది. ఇది చెప్పకుండా పానోని మాత్రమే పట్టుకోవడం సగం నిజం.

సర్కారు కాగితాల్లో ఈ మధ్యమనిషి మీద ఇంకో గీత పడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని వాల్మీకి షెడ్యూల్డు తెగ. డొంబు, పైడి, పానో షెడ్యూల్డు కులం. ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న దళితుడు 1/70 లెక్కలో గిరిజనేతరుడు, కాబట్టి పెద్ద షావుకారూ ఇతనూ చట్టం ముందు ఒకే గాటిన కట్టబడ్డారు. పెద్ద షావుకారు బినామీ పేర్లతో దాటిపోతాడు. ఇతను దాటలేడు. అలాగని 1/70ని ఎత్తెయ్యమనే పాట మనం పాడకూడదు. ఎత్తేస్తే కొండలు ఎవరి చేతిలోకి పోతాయో మనకి తెలుసు. గిరిజనుడి భూమి గిరిజనుడికే ఉండాలి. ఏజెన్సీ దళితుడికి బతుకుతెరువు ఏదన్నది వేరే ప్రశ్నగా, గిరిజనులతో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్నగా ముందుకు తేవాలి. ఇద్దరినీ తగువులో పెట్టి చోద్యం చూసేవాడు ఆ తగువులో మూడోవాడు.

ఇంతకుముందు చెప్పిన గిడుగువారి సంగతికే మళ్లీ వద్దాం. సవర నేర్చుకోవడానికి ఆయన తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకున్నారని చెప్తారు. 1931లో సవర వ్యాకరణం, 1933లో నిఘంటువు అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం నాడు ఆయన పటానికి దండలు పడతాయి. ఆయన కృషి తక్కువది కాదు, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలన్న ఆలోచన ఈరోజుకీ మనకన్నా ముందుంది. కానీ ఆ రెండుభాషల మనిషి ఎవరు? సభల్లో ఆ పేరు వినబడదు. అతని కులం ఏదైనా కావచ్చు. రెండు లోకాలకీ మధ్య నిలబడి, తన నోట్లోంచి ఒక భాషని ఇంకొకరి కాగితం మీదకి దాటించాడు. మధ్యలో నడిచినోడికి మన వాఙ్మయ చరిత్ర ఇచ్చే చోటు అంతే.

తిరుగుబాటు రాతల్లో కూడా

అగ్రవర్ణ జానపదం సంగతి సరే, తిరుగుబాటు సాహిత్యం ఏం చేసింది? అది అడవి పేరు మార్చింది. శ్రీకాకుళ పోరాటం వచ్చాక మన్యం భయంకరారణ్యం కాలేదు, విముక్తికి తావయింది. రాక్షసుడు షావుకారయ్యాడు, కొండమనిషి వీరుడయ్యాడు. ఇది చిన్న మార్పు కాదు. తెలుగు వచనంలో గిరిజనుడు పేరుతో, అప్పుతో, కోపంతో మనిషిగా నిలబడింది అప్పుడే.

కానీ అంచు అలాగే ఉండిపోయింది. ఒక పక్క గిరిజనుడు, ఇంకో పక్క షావుకారు, భూస్వామి. మధ్యలో పైడిపేట ఊసు తక్కువ. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' 1964లో వచ్చింది. అందులో సుందరపాలెం మాలవాడు అప్పల్రాముడు ఉన్నాడు, అతని అప్పు ఉంది, ఊరి తీర్పు ఉంది. తెలుగు కథ దళితుడి రుణాన్ని అంత లోతుగా చూసింది అరుదు. అది మైదానపు కథ. మైదానం కథలో దళితుడు దొరికాడు, కొండ కథలో గిరిజనుడు దొరికాడు. కొండకీ మైదానానికీ మధ్య సంతలో నిలబడినవాడు ఏ కథకీ దక్కలేదు. అతను వర్గ విశ్లేషణలో ఇమడడు. పీడితుడే, ఒక్కోసారి పీడకుడి చెయ్యి కూడా. ఇలాంటి మనిషిని రాయడం కష్టం. కష్టం కాబట్టే రాయాలి.

సినిమాలో అయితే అదీ లేదు. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' మన్యాన్ని తెలుగువాళ్లందరి గుండెల్లో పెట్టింది. మన్యం మనుషులు అందులో ఎక్కువగా నాయకుడి వెనక నడిచే జనం. ఆ పోరాటంలో ఉన్న గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. బయటినుంచి వచ్చి చనిపోయిన వీరుడి కథ మనకి కంఠతా వచ్చు. లోపలే పుట్టి, బతికి, పార్లమెంటు దాకా పోయిన కొండదొర పేరు డిగ్రీ పిల్లల్ని అడిగి చూడండి, ఎందరు చెప్తారో.

భోగాపురం నుంచి చూస్తే

ఈ వ్యాసం భోగాపురంలో కూర్చుని రాస్తున్నాను. ఇది సముద్రపు అంచు. మన్యం ఇక్కడికి దూరం. కానీ ఇదే మండలంలో సవరవిల్లి అని ఊరుంది. చుట్టుపక్కల గూడెపువలస లాంటి 'వలస' పేర్లున్నాయి. ఊరిపేరు ఒక్కటే చరిత్రకి రుజువు కాదు, నాకు తెలుసు. ప్రశ్న వెయ్యడానికి మాత్రం అది చాలు. సవర అనే మాట సముద్రం ఒడ్డున ఏం చేస్తోంది? అడవి అంచు అనేది ఎప్పుడూ పార్వతీపురం దగ్గరే ఆగి ఉందా? జరిగి జరిగి అక్కడికి పోయిందా? మన చరిత్ర విద్యార్థులు ఊరిపేర్లు, ఇనాం కాగితాలు, పెద్దల జ్ఞాపకాలు ముందేసుకుని చెయ్యవలసిన పని ఇది.

ఇక్కడే విమానాశ్రయం వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు. దానికి అల్లూరి సీతారామరాజు పేరు. దానికోసం ఖాళీ చేయించిన ఆవాసాలు మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. మళ్లీ చదవండి ఆ చివరి పేరు. మన్యం వీరుడి పేరు బోర్డు మీదకి ఎక్కింది. రెల్లి అనే మాట ఉన్న పేట జాగా ఖాళీ అయింది. ఒక్క విమానాశ్రయంలో మన కథాసంప్రదాయం మొత్తం కనిపిస్తోంది. అడవికి వీరుడు దక్కాడు, ఊరికి అభివృద్ధి దక్కింది, మధ్యలో ఉన్న పేట కాలనీకి మారింది. సవర గోడమీద విమానం బొమ్మ వేసిన మనిషికి ఈ సంగతి మనకంటే ముందే తెలుసేమో. విమానం ఎక్కి వచ్చేది దొరదేవతలే గాని తన చుట్టాలు కాదని.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాయి. ఒకప్పుడు తల్లులు పిల్లల్ని బెదిరించిన మాట ఇప్పుడు ఆఫీసు బోర్డుల మీద ఉంది. మంచిదే. కానీ బోర్డు మారినంత సులువుగా మనసులో ఉన్న ఆ పాత ఊరు మారదు. రుద్రవనానికి టిక్కెట్లు కొన్నది ఈ తరమే.

అందుకని మనం చెయ్యవలసిన పనులు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, పిల్లలకి జానపద కథలు మానిపించడం పరిష్కారం కాదు. అవి చదివిస్తూనే బళ్లో ఒక ప్రశ్న అడగాలి - ఈ బొమ్మలో మీ పేట ఎక్కడుంది, మీ ఇల్లు గియ్యండి అని. ఉపాధ్యాయ మిత్రులు రేపటినుంచే చెయ్యొచ్చు. రెండు, చిల్లంగి మీద పనిచేసే కార్యకర్తలు ఊళ్లో జరిగిన దాడినే గాక, దాన్ని నిజమనిపించే సినిమానీ సీరియల్‌నీ కూడా సభల్లో చర్చకి పెట్టాలి. దాడిని ఖండిస్తూ నమ్మకాన్ని ముద్దుచెయ్యడం కుదరదు. మూడు, పరిశోధక విద్యార్థులు అంచు పట్నాల పైడిపేటల్లో, రెల్లిపేటల్లో, డొంబువీధుల్లో ముసలివాళ్లు బతికుండగానే వాళ్ల మాట రికార్డు చెయ్యాలి. కొండెక్కిన దారులు, నేర్చుకున్న భాషలు, అమ్మిన సరుకులు, తిన్న దెబ్బలు, వాళ్లు చేసిన అన్యాయాలు కూడా. మెచ్చుకోలు కోసం గాక, నిజం కోసం.

అంచు ఊరి కథ ఇంకా రాయబడలేదు. అది కోటలోంచి రాసినవాళ్లకి అడవి రాక్షసంగా కనిపించింది. అడవి పక్షాన రాసినవాళ్లకి ఊరంతా షావుకారుగానే కనిపించింది. కావడి మోసుకుని రెండు పక్కలా తిరిగినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు యూనివర్సిటీల్లో చదువుతున్నారు. రాయవలసింది వాళ్లు. రాసేటప్పుడు కొండమీద వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి.